బాపు కొన్న పెంటియం 3కి ఏ గ్రాఫిక్స్ కార్డు సరిజోడు?

హనుమకొండ నుంచి ఒక తమ్ముడు రాసిండు, పేరు వద్దన్నడు. ఉత్తరం శానా పొడుగుంది, కుదించి చెప్తున్న. 2001ల ఆయన డిగ్రీ ఫస్టియర్ల ఉన్నప్పుడు వాళ్ల బాపు, పరకాల దిక్కు సర్కారు బడిల సారు, జీపీఎఫ్ లోన్ తీసి సికింద్రాబాద్ పార్క్‌లేన్ల ఒక సిస్టం అసెంబుల్ చేయించిండట. పెంటియం 3 800, 128 ఎంబీ ర్యామ్, 20 జీబీ హార్డ్ డిస్కు, 15 ఇంచుల డబ్బా మానిటర్, విండోస్ 98. గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌ల సీపీయూ కాళ్ల సందుల, మానిటర్ ఒళ్లె పెట్టుకొని కాజీపేట దాక వచ్చిన్రట. పొద్దుగాల బాపు పేజ్‌మేకర్ల అను ఫాంట్లతోని క్వశ్చన్ పేపర్లు కొట్టేటోడు, రాత్రి అన్నదమ్ములిద్దరు వంతులేసుకొని రోడ్ రాష్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, నీడ్ ఫర్ స్పీడ్ 2 ఎస్ఈ, పోర్షే, ఐజీఐ ఆడేటోళ్లు. వైస్ సిటీ మాత్రం ఆ సిస్టంల ఎన్నడు సరిగ నడవలేదు, దానికి నయీంనగర్ల నెట్ సెంటర్‌కు పోయేటోళ్లు, గంటకు పైసలు కట్టి.

బాపు పోయి రెండేండ్లయింది. మొన్న ఇంటికి సున్నమేపిస్తుంటే సజ్జ మీద సిస్టం దొరికింది, ఆన్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చింది. అమెరికాల ఉండే తమ్ముడు దసరాకు వస్తున్నడు, ఆలోపు దాన్ని తయారు చేసి పెట్టాలని ఈయన ఆశ. ఇగ పరేషాన్ ఏందంటే, హైదరాబాద్ల ఒకాయన వూడూ 3 3000 ఏజీపీ (గ్రాఫిక్స్ కార్డు కోసమే ఉండే స్లాటు) రకం కార్డు 14 వేలకు ఇస్తా, 2 వేలు అడ్వాన్స్ కొట్టుమంటున్నడు. ఇక్కడ తెలిసిన షాపాయన జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5500, 256 ఎంబీ, ఏజీపీ, 2,500 అంటున్నడు. దోస్తేమో పాత జీటీఎక్స్ ఒకటి ఊకెనే ఇస్త పెట్టుకో అంటున్నడు. భార్య "14 వేలంటే పిల్ల ట్యూషన్ ఫీజు" అన్నది. తమ్ముడు ఫోన్ల "దాన్ని ముట్టకు అన్నా, బాపు ఎట్ల పెట్టిండో అట్లనే ఉండనీ" అన్నడు, మాట పెరిగి వారం నుంచి సరిగ మాట్లాడుకుంటలేరు. ఉత్తరం చివర్ల ఈ ముక్క ఉంది: "బోర్డు మీద తెల్ల స్లాట్లు మూడున్నయి అన్నా, వాటన్నిటి కింద అంచుకు ఒక చిన్న గోధుమ రంగు స్లాటుంది, ఏజీపీ గదే గదా. మానిటర్ వైరు బోర్డుకే తగిలి ఉంది. ఇంతకు ఏ కార్డు కొనాలె?"

తమ్మీ, నువ్వు అంటున్న, ఏమనుకోకు, నాకంటె చిన్నోడివే. ముందుగాల ఆ 2 వేలు అడ్వాన్స్ కొట్టకు. ఎఫ్ఎక్స్ 5500 కూడ తేకు. నువ్వు రాసిన ఆఖరు ముక్కతోనే అసలు సంగతి తేలిపోతుంది.

నువ్వు చెప్పిన చిన్న గోధుమ స్లాటు ఏజీపీ కాదనే నాకు గట్టిగ అనిపిస్తుంది. ఏజీపీ స్లాటు ప్రాసెసర్ దిక్కు మొట్టమొదట ఉంటది, తెల్ల పీసీఐ స్లాట్లకు (అన్ని రకాల కార్డులు పెట్టేటివి) పైన. రంగు గోధుమే, కాని పొడుగుంటది, మీదికెల్లి వెనుక రేకు నుంచి జర లోపటికి జరిగి ఉంటది. అన్నిటికంటె కింద అంచుకు పొట్టిగ ఉన్నదాన్ని ఏఎంఆర్ అంటరు, ఆడియో మోడెం రైజర్, ఇంటెల్ 1998ల తెచ్చిన పద్ధతి, చవక సౌండు, మోడెం కార్డుల కోసం. మన దగ్గర దాంట్ల కార్డు పెట్టినోణ్ని నేను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అయినా ఆ రోజుల్ల ప్రతి చవక బోర్డు మీద ఆ స్లాటు ఉండేది. గోధుమ రంగు చూసి ఏజీపీ అనుకొని కార్డు కొనుక్కొచ్చినోళ్లు అప్పట్ల నా దగ్గరికి నెలకొకరన్న వచ్చేటోళ్లు, నీ ఒక్కని పొరపాటు కాదు ఇది.

అది ఏఎంఆర్ అయి, మానిటర్ వైరు బోర్డుకే తగిలి ఉందంటే, నీ బోర్డు ఇంటెల్ 810 చిప్‌సెట్‌ది అయ్యుండాలె. 2000, 2001ల మన దగ్గర అసెంబుల్ సిస్టంలల్ల ఎక్కువ అమ్ముడుపోయినయి అవే, ఎందుకంటె డిస్‌ప్లే బోర్డులనే ఉంటది, కార్డు పైసలు మిగుల్తయి. ఆ చిప్‌సెట్ల ఏజీపీ స్లాటుకు జాగనే ఇయ్యలే. అంటె వూడూ 3 ఏజీపీ, ఎఫ్ఎక్స్ 5500 ఏజీపీ, రెండూ నీ బోర్డుల కూసోవు. దోస్తు ఇస్తనన్న జీటీఎక్స్ అయితే పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ది, అది మొత్తానికే వేరే తరం, విండోస్ 98కు దాని డ్రైవరు కూడ లేదు. ఊకెనే వచ్చినా వద్దు.

నా మాట మీదనే పోకు, చూసుకో. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డివైస్ మేనేజర్, డిస్‌ప్లే అడాప్టర్స్ తెరువు. అక్కడ ఇంటెల్ 82810 అని ఉంటే నేను చెప్పిందే. 82815 అని ఉంటే బోర్డు 815, వాటిల్ల ఎక్కువ శాతం బోర్డులకు ఏజీపీ ఉంటది, అప్పుడు కథ వేరే. కాని ఈ చెకింగ్ కోసం ఇప్పుడే స్విచ్ వెయ్యకు, ఎందుకో ముంగట చెప్త.

ఇగ కార్డు సంగతి. ఏ కార్డు గొప్పది అన్న ప్రశ్న పట్టుకుంటె నీకు జవాబు ఎన్నడు దొరకదు, ఈ ప్రాసెసర్‌కు, ఈ బోర్డుకు, ఈ మానిటర్‌కు, ఈ ఆరు గేములకు ఏది జోడు అని అడగాలె. కాడికి ఒక దిక్కు పెద్దెద్దును, ఇంకో దిక్కు కోడెదూడను కడితే నాగలి దూడ నడకనే నడుస్తది. గేముల ప్రతి ఫ్రేముకు, అంటె తెర మీద వచ్చే ఒక్కో బొమ్మకు, ముందు ప్రాసెసర్ లెక్క తేల్చాలె, బండి ఎటు తిరిగింది, రోడ్డు మీద ఎంతమంది ఉన్నరు, ఎవనికి దెబ్బ తగిలింది. అదంత తేల్చి ఇచ్చినంక కార్డు బొమ్మ గీస్తది. ప్రాసెసర్ సెకనుకు 25 సార్లే తేల్చగలిగితే, 100 సార్లు గీసే కార్డు పెట్టినా వచ్చేది 25 ఫ్రేములే.

ఇది నేను కండ్లార చూసిన. 2003ల హన్మకొండ చౌరస్తా కాడ చిన్న సర్వీస్ షాపు ఉండేది నాకు. ఒక పిల్లగాడు సెలెరాన్ 533 సిస్టం ఆటోల వేసుకొచ్చి, వాళ్ల మామ కొనిచ్చిన జీఫోర్స్ 4 టీఐ 4200 పెట్టమన్నడు. ఆ కార్డు డబ్బాను గుండెలకు పట్టుకొని కూసున్నడు స్టూలు మీద. పెట్టిన, క్వేక్ 3 గేముల టైమ్ డెమో (సెకనుకు ఎన్ని ఫ్రేములొస్తయో కొలిచే పరీక్ష) నడిపించిన. 640 రిజల్యూషన్ల ఎంత వచ్చిందో 1024ల కూడ అంతే, రెండు మూడు ఫ్రేముల తేడా. కార్డు మీద బరువు రెండున్నర ఇంతలు పెట్టినా అంకె కదలలేదంటే అది ఖాళీగ కూసుందని అర్థం. తర్వాత షాపుల ఉన్న జీఫోర్స్ 2 ఎంఎక్స్ 400 పెట్టి చూపిస్తే 640ల దాదాపు గదే అంకె. పిల్లగాని మొఖం చూడలేకపోయిన. కార్డు డబ్బా విప్పకముందే ప్రాసెసర్ ఏదని అడిగి ఆపాల్సింది నేను, అది నా తప్పు, ఇప్పటికీ మతికొస్తది. ఈ పరీక్ష నువ్వు కూడ ఏ కార్డుతోనైనా చెయ్యొచ్చు. రిజల్యూషన్ పెంచినా తగ్గించినా స్పీడు మారకుంటె ప్రాసెసరే హద్దు, కార్డు మీద ఇంక పైసలు పెట్టుడు దండుగ. పెంచినప్పుడు స్పీడు పడిపోతే కార్డు చిన్నదైతుందని లెక్క.

నీ గేములను కూడ ఒకసారి విడగొట్టి చూడు. రోడ్ రాష్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 రెండిటికీ త్రీడీ కార్డుతోని పనే లేదు, అవి ఇప్పుడున్న డిస్‌ప్లే మీదనే అప్పటిలెక్క నడుస్తయి. పోర్షే 2000ల వచ్చింది, ఐజీఐ అదే ఏడు చివర్ల, ఈ రెండిటికి 1999 నుంచి 2001 మధ్య వచ్చిన ఓ మోస్తరు కార్డు 800 బై 600ల సరిపోతది, నీ 15 ఇంచుల మానిటర్‌కు అంతకుమించి అక్కర కూడ లేదు, ఆ సైజుల 85 హెర్ట్జ్ పెట్టుకుంటె కండ్లు గుంజకుండ ఉంటయి.

నీడ్ ఫర్ స్పీడ్ 2 ఎస్ఈ ఒక్కటే వూడూ గేము. 1997 నాటిది, త్రీడీ కార్డును వాడుకోవాలంటె వూడూ కార్డులు చేసిన 3డీఎఫ్ఎక్స్ కంపెనీ వాళ్ల గ్లైడ్ అనే సాఫ్ట్‌వేర్ మీదనే వాడుకుంటది, వేరే కంపెనీ కార్డు ఎంత పెద్దది పెట్టినా సాఫ్ట్‌వేర్ మోడ్లనే, అంటె ప్రాసెసరే బొమ్మ గీసేటట్టు, నడుస్తది. వూడూ మీద దాని అందం వేరే, రోడ్డు నున్నగ ఉంటది, పొగమంచు, లైటు అన్ని కనపడ్తయి, ఒప్పుకుంట. కాని తమ్మీ, మీ అన్నదమ్ములు 2001ల చూసింది అది కాదు గదా. మీరు ఆడింది గరుకు గరుకు సాఫ్ట్‌వేర్ మోడే. వూడూ పెడితే కొత్త అనుభవం వస్తది, పాత జ్ఞాపకం రాదు. ఏది కావాలో నువ్వే తేల్చుకోవాలె, రెండూ మంచియే.

వైస్ సిటీ దగ్గరనే అసలు చిక్కుంది. పీసీల అది 2003ల వచ్చింది, దానికి తక్కువల తక్కువ కావాల్సింది 800 మెగాహెర్ట్జ్ పెంటియం 3, 128 ఎంబీ ర్యామ్, 32 ఎంబీ వీడియో కార్డు. నీ ప్రాసెసర్ సరిగ్గ ఆ గీత మీదనే నిలబడ్డది. అంటె నడుస్తది, కాని పరుగెత్తది, ఏ కార్డు పెట్టినా. వూడూ 3ల ఉండేది 16 ఎంబీ మెమరీనే, త్రీడీల 16 బిట్ రంగులే, అంటె 14 వేలు పెట్టి తెచ్చిన కార్డు మీద వైస్ సిటీ ఆ గీత కిందికి పోతది. ఈ మాట అమ్మేటాయన చెప్పడు, ఆయనకు నీ గేముల లిస్టు తెల్వదు.

షాపాయన 256 ఎంబీ అన్నది కూడ పట్టించుకోకు. పాత కార్డులల్ల మెమరీ ఎంతుంది అనేదానికంటె అది ఎంత వెడల్పు దారిల పోతుంది అనేది చూడాలె, 64 బిట్టా 128 బిట్టా. చవక ఎఫ్ఎక్స్ కార్డులు చానా వరకు 64 బిట్‌వే, మెమరీ నాలుగింతలేసి డబ్బా మీద పెద్ద అంకె రాసి అమ్మిన్రు. కార్డు చేతికొస్తె చిప్పులు లెక్కపెట్టు. రెండు దిక్కుల కాళ్లున్న పొడుగు చిప్పులు ముందు వెనుక కలిపి ఎనిమిదుంటె మామూలుగ 128, నాలుగే ఉంటె 64.

ఇప్పుడు నీ ముంగట దారులు ఏమున్నయో చెప్త. కార్డు అసలే పెట్టకుండ ఉంచుడు ఒకటి. ఖర్చు లేదు, తమ్ముని మాట నిలవడ్తది, రోడ్ రాష్, ఏజ్ 2 ఆ రాత్రికే ఆడుకోవచ్చు. పోర్షే, ఐజీఐ అప్పటిలెక్కనే ఇరుకిరుకుగ నడుస్తయి, ఎందుకంటె 810 డిస్‌ప్లే మెయిన్ ర్యామ్‌ల నుంచే మెమరీ అప్పు తీసుకుంటది. వైస్ సిటీ మర్చిపోవాలె.

ఇంకోటి, నాకు మనసైంది, పీసీఐ స్లాటుకు వచ్చే మధ్య రకం కార్డు. జీఫోర్స్ 2 ఎంఎక్స్ 400 గాని, జీఫోర్స్ 4 ఎంఎక్స్ 420, 440 గాని, పీసీఐ రకం, 64 ఎంబీది దొరికితే తీసుకో. 4 ఎంఎక్స్ పేరుల నాలుగున్నా లోపట జీఫోర్స్ 2 వంశమే, పిక్సెల్ షేడర్ లేదు, నీ లిస్టుల ఏ గేముకూ దాని అవసరం కూడ లేదు. పీసీఐ దారి ఇరుకు నిజమే, సెకనుకు 133 ఎంబీ, అది కూడ పీసీఐ స్లాట్లల్ల ఉన్న కార్డులన్ని పంచుకునేది, ఏజీపీ 4ఎక్స్ అయితే వెయ్యి దాటుతది. అందుకే పీసీఐ కార్డు మీద 32 ఎంబీ కంటె 64 మేలు, బొమ్మలు ఒకసారి కార్డులకు ఎక్కినంక మల్ల మల్ల ఆ ఇరుకు దారిల తేవాల్సిన పని తప్పుతది. ఎఫ్ఎక్స్ 5200 పీసీఐ ఒక్కటే దొరికినా ఫరవాలేదు, 128 బిట్ది చూసుకో. డ్రైవరు మాత్రం కొత్తది కావాలని పోకు, 98కు ఎన్విడియా ఆఖరుగ ఇచ్చింది 81.98, అంత బరువు నీ ప్రాసెసర్ మీద వెయ్యొద్దు, 2003 నాటి 45.23 చాలు. దీనికి తోడు 128 ఎంబీ ఎస్‌డీర్యామ్ ముక్క ఇంకోటి పెట్టు. వైస్ సిటీకి కార్డు ఎంత సాయం చేస్తదో ఈ ముక్క కూడ అంతే చేస్తది. అన్ని కలిపి 4 వేలు దాటితే ఆగు, దసరా పోతే సంక్రాంతి ఉంది, పాత కార్డు ధర తొందరున్నోని మొఖం చూసి పెరుగుతది.

వూడూ మీదినుంచి మనసు అస్సలు మల్లకుంటె వూడూ 3 పీసీఐ రకం కూడ ఉంది, 2000, 3000 రెండిట్ల వచ్చింది. ఆ కార్డులు ఏజీపీల బొమ్మలు దాచుకునే సౌకర్యం అసలే వాడుకోవు, కాబట్టి పీసీఐ అయినా పెద్దగ నష్టం లేదు. 3డీఎఫ్ఎక్స్ ఆస్తులు 2000 చివర్ల ఎన్విడియా కొనుక్కుంది, ఆ కార్డులు మల్ల పుట్టవు, ధర దిగదు. కొంటె ఒక గేము కోసం కొన్నట్టు, వైస్ సిటీని వదులుకున్నట్టు, మరదలికి, అంటె నీ భార్యకు, ఆ మాట ముందే చెప్పి కొను.

బోర్డు మార్చి, 815 గాని 440 బీఎక్స్ గాని పెట్టి ఏజీపీ తెచ్చుకునుడు కూడ ఉంది. 815 అయితే ప్రాసెసర్, ర్యామ్ అవే వస్తయి, ఏజీపీ 4ఎక్స్. కాని విండోస్ మల్ల ఎక్కియ్యాలె, ఇరవై ఏండ్ల పాత బోర్డు ఇంకోటి నమ్మాలె, అప్పుడది బాపు తెచ్చిన సిస్టం అనుడు ఎట్ల? నీ ఇంట్ల అయితే నేను చెయ్య. వైస్ సిటీ నిండుగ నడవాలంటె దానికి వేరే పెంటియం 4 సిస్టం చూసుకో, పాత సామాను షాపులల్ల మానిటర్ లేకుండ తక్కువలనే వస్తయి. 845 బోర్డు వస్తె ఒక్కటే జాగ్రత్త, దాని ఏజీపీ 1.5 వోల్ట్‌ది, వెనుక రేకుకు దగ్గర గాటు ఒక్కటే ఉన్న పాత 3.3 వోల్ట్ కార్డును దాంట్లకు దొబ్బి పెట్టొద్దు, బోర్డు కాలుతది.

ఇగ తమ్ముని సంగతి. ఆయన ముట్టకు అన్నది కార్డు గురించి అనుకోను నేను. ఆయన అంత దూరంల ఉండి, బాపు ఆఖరుసారి షట్ డౌన్ కొట్టిన సిస్టం అట్లనే ఉందని ఊహించుకుంటున్నడు. నువ్వేమో దగ్గరుండి, తమ్ముడు వచ్చేసరికి అది పరుగెత్తాలని చూస్తున్నవ్. పీసీఐ కార్డుల ఉన్న సుఖం ఏందంటె, అది ఒక్క స్క్రూ. పెడితే ఉంటది, తీస్తె బోర్డు 2001ల ఎట్లుందో అట్లనే. నిజంగ మారేది హార్డ్ డిస్కు, డ్రైవర్లు ఎక్కేది దాంట్లనే. అందుకని బాపు డిస్కును ముట్టకు. దాన్ని తీసి పక్కకు పెట్టి, ఐడీఈకి (పాత డిస్కు వైరు తగిలించే జాగ) పెట్టే అడాప్టర్ల సీఎఫ్ కార్డు (కెమెరాలల్ల వాడే మెమరీ కార్డు) గాని, వేరే డిస్కు గాని పెట్టి, దాంట్ల విండోస్ 98 వేసుకొని గేములు ఎక్కించు. ఇదే మాట తమ్మునికి చెప్పు, "బాపు డిస్కు నేను తెరవలే, నువ్వు వచ్చినంకనే ఇద్దరం చూద్దాం" అని. మిగిలింది మీరిద్దరు కూసొని మాట్లాడుకునేది.

స్విచ్ వెయ్యొద్దన్నది కూడ ఆ డిస్కు కోసమే. మొన్న ఒకసారి ఆన్ అయిందని సంబురపడకు. ఎస్ఎంపీఎస్ (సిస్టంకు కరెంటు ఇచ్చే డబ్బా) ఆ కాలం నాటిది, సజ్జ మీద ఎండలకు ఎండింది, పోతే ఊకెనే పోదు, డిస్కును వెంట తీస్కపోతది. ముందుగాల డిస్కు తీసి, యూఎస్‌బీ అడాప్టర్‌తోని లాప్‌టాప్‌కు తగిలించి మొత్తం ఇమేజ్, అంటె డిస్కుకు పూర్తి నకలు, తియ్యి. ఫాంట్స్ ఫోల్డర్ మర్చిపోకు, అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఆ ఫాంట్లు లేకుంటె బాపు కొట్టిన క్వశ్చన్ పేపర్లు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలలెక్క కనపడ్తయి. తర్వాత బోర్డు మీద ప్రాసెసర్ చుట్టు ఉండే కెపాసిటర్లు చూడు, మీద ఉబ్బినా, కింద గోధుమరంగు జిగట కారినా అవి మార్పియ్యాలె, సోల్డరింగ్ తెలిసిన టీవీ మెకానిక్ అయినా చేస్తడు. ఎస్ఎంపీఎస్ కొత్తది పెట్టు, 24 పిన్నుల కనెక్టర్ల నాలుగు విడదీస్తె పాత 20 పిన్నుల బోర్డుకు పడ్తది. బటన్ సెల్లు మార్చు, సీఆర్ 2032. ఇవన్ని అయినంక బాపు డిస్కు కాకుండ వేరే డిస్కుతోని, ఇంటెల్ డిస్‌ప్లే డ్రైవర్ వేసి ఆన్ చెయ్యి.

అప్పుడు డివైస్ మేనేజర్ తెరిచి 82810 అని వచ్చిందా 82815 అని వచ్చిందా నాకు రాయి. 815 వస్తె ఏజీపీ రకం జీఫోర్స్ 2 ఎంఎక్స్ 400 దగ్గరనే మొదలుపెడదాం, షాపాయన ఎఫ్ఎక్స్ కార్డు అప్పుడు చూద్దాం. బోర్డు ఫోటో కూడ పెట్టు, ఆ చిన్న గోధుమ స్లాటు పక్కన స్కేలు పెట్టి తియ్యి.